యంత్రనాదమునకు తోడు నిలిచినవారు

రేడియోలో కచేరి వినుట మీలో పలువురకు చిన్ననాటి అలవాటు. కచేరి మొదలగుటకు ముందు ప్రకటన చేయువారు పాడు విద్వాంసుని పేరు చెప్పి, వెంటనే వయొలిను వాయించువారి పేరును, మృదంగము వాయించువారి పేరును చెప్పుదురు. కచేరి ముగిసిన పిదప ఆ పేర్లన్నియు మఱల చెప్పుదురు. ఇది మిక్కిలి చిన్న ఆచారముగా తోచును. కాని నేడు నేను మీతో ఈ ఆచారమును గుఱించియే మాటలాడదలచితిని. మన కాలమున యంత్రములనుండి పుట్టుచున్న క్రొత్త సంగీతమునకు ఈ ఆచారము వర్తించునా, వర్తింపదా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుకాలేదు; మా యింటి గుమ్మములో ఎదురైనది.

నేను హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడ వాసిని. యాకుత్‌పురాకును ఫలక్‌నుమాకును నడుమ మా స్టేషను. బండి వచ్చునపుడు మా వీథిలో మాట వినరాదు. బండి పోయిన పిదప ఆగిన వాక్యమును అందుకొని మాటలాడుట మాకు అలవాటు. చిన్ననాట గురువుల అరుగుమీద కూర్చుండి అమరమును పంచకావ్యములను చదివి, పిమ్మట ముప్పదియేండ్లకు మించి పాఠశాలలో తెలుగు చెప్పి, విశ్రాంతి గొన్నవాడను. విద్యుత్తుతో పుట్టు సంగీతమున నాకు పాండిత్యము లేదు. చెవి మాత్రము కలదు.

మా వీథిలో నాయొద్ద చదివిన యొక పిల్లవాడున్నాడు. పిల్లవాడనుట నా అలవాటే గాని వానికి ముప్పది యేండ్లు నిండినవి. పగలు వేఱొక కొలువు చేసి, రాత్రులందు స్టేషనుకు దాపున మిద్దెమీది చిన్న గదిలో, కంప్యూటరును, హార్మోనియము మెట్లవంటి మెట్లుగల యొక యంత్రమును ముందు పెట్టుకొని పాటలు కట్టుచుండును. కడచిన ఆషాఢమునకు ముందు వాడు ఎనిమిది పాటలను కూర్చి ఒక సంపుటిగా, నేటి పలుకుబడిలో ఆల్బముగా, వెలువరింప సంకల్పించెను. అన్నియు మా ఉప్పుగూడ మహంకాళి బోనాలకు తగిన పాటలే. వానికి మువ్వురు తోడైరి. ఒక యువతి పాడినది; ఒక మిత్రుడు మాటలు వ్రాసెను; వేఱొక మిత్రుడు ధ్వనుల హెచ్చుతగ్గులు సరిచూచెను. సంపుటితోపాటు ప్రకటింపదలచిన పేర్ల పట్టికలో అక్షరదోషములు దిద్దుమని వాడు కాగితమును నాయొద్దకు తెచ్చెను.

అక్షరదోషములు రెండో మూడో కలవు. దిద్దితిని. తరువాత ఒక పంక్తియొద్ద నా కలము నిలిచిపోయినది. గాత్రమునకెదుట ఒక పేరు, సాహిత్యమునకెదుట ఒక పేరు, సంగీతమునకెదుట వాని పేరు పెద్ద యక్షరములతో ఉన్నవి. డప్పునకెదుట మాత్రము “సొంత సేకరణ” అని యున్నది.

“ఈ డప్పు ఎవరు వాయించినారు నాయనా?” అని యడిగితిని.

“ఎవరూ వాయించలే సార్. అది శాంపిల్,” అని వాడు చెప్పెను.

శాంపిల్ అనగా ఒక వాద్యపు మ్రోతలో తునకను పట్టి, యంత్రములో దాచి, కావలసినపుడెల్ల కావలసినన్ని మాఱులు మ్రోగించుకొనుట. పట్టినది ఎవరి చేతినుండి యని మఱల అడిగితిని. వాడు కొంత తడవు ఊరకుండి, మాకు రెండు వీథుల కావల నుండు ఒక వృద్ధుని పేరు చెప్పెను. ఆయనను నేను ఎఱుగుదును. ఏండ్ల తరబడి అమ్మవారి ఘటము ముందు డప్పు కొట్టిన చేయి అది. రెండేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఆయనను మిద్దెమీదికి పిలిచి, దరువులన్నియు వాయింపించి, పట్టుకొనిరి. చాయ్ ఇచ్చి పంపిరి. ఆ ఒక్క సాయంకాలపు వాద్యమే ఎనిమిది పాటలలోను మ్రోగుచున్నది. ఆ రెండేండ్లలో ఊరేగింపులకు డీజే బండి వచ్చినది. ఆ వృద్ధునికి పిలుపు రాలేదు.

నేను కాగితమును పూర్తిగా దిద్దక, నాలుగు దినములు గడువడిగితిని. ఆ దినములలో ఈ సంగీతపు చరిత్రను దొరకినంత మేరకు చదివితిని. చదివినదానిని మీకు మనవి చేసెదను.

మొదట ఈ సంగీత మెట్టిదో చెప్పవలెను. వీణయందు తీగ కదలును. వేణువునందు గాలి కదలును. మృదంగమునందు తోలు కదలును. ఈ సంగీతమున తొలుత కదలునది విద్యుత్తు. ఆ కదలికను పెంచి స్పీకరునకు పంపినచో అందలి పొర కదలి నాదము పుట్టును. విద్యుత్తు వేగముగా ఊగినచో తారస్థాయి, మెల్లగా ఊగినచో మంద్రస్థాయి. 1920 ప్రాంతమున రష్యాలో లెవ్ తెరెమిన్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి వాద్యము నొకదానిని కల్పించెను. దానిని వాయించువాడు దానిని ముట్టనక్కఱలేదు. దాని చెంత గాలిలో చేతులాడించినచో స్వరము పలుకును. చూచువారికి అది ఇంద్రజాలమువలె నుండెడిది. ఇక సంగీతమునకు ఒక యంత్రమును ఒక మనుష్యుడును చాలునని ఎవరికైనను తోచును. చరిత్ర చెప్పునది వేఱు.

1948 అక్టోబరు 5వ తేదీన పారిస్ రేడియోలో ఒక వింత కార్యక్రమము ప్రసారమైనది. పియేర్ షఫేర్ అను రేడియో ఇంజనీరు ఒక రైల్వే స్టేషనుకు పోయి, ఇంజన్ల ఊపిరిని, చక్రముల తాళమును, కూతలను రికార్డు పలకలపై పట్టి, వానిని ముక్కలు చేసి, మఱల మఱల త్రిప్పి, ఒక కృతిగా కూర్చెను. గ్రామఫోను పలకపై గీత పడినపుడు ముల్లు ముందుకు సాగక ఒకచోటనే తిరుగుచు ఒకే మాటను మాటిమాటికి చెప్పుట మీలో కొందఱు ఎఱుగుదురు. మనము దానిని చెడిన పలక యని పాఱవైచితిమి. ఆయన ఆ దోషమునే విద్యగా మార్చెను. నేటి శాంపిల్ పద్ధతికి మూలమచ్చటనే యున్నది. మా స్టేషను చప్పుడును మా పిల్లవాడు ఒక పాటలో చేర్చినపుడు నేను నవ్వితిని. ఇంతకు పూర్వమే ఒక పెద్దవాడు ఆ పని చేసెనని తెలిసినపిదప నవ్వు మానితిని.

మఱుసటి యేడు షఫేర్‌నకు పియేర్ ఆన్రీ అను యువ సంగీతజ్ఞుడు తోడు వచ్చెను. ఇద్దఱును కలిసి కట్టిన కృతిని 1950 మార్చిలో పారిస్‌లో వినిపించిరి. దాని ఫ్రెంచి పేరునకు ‘ఒంటరి మనుష్యుని సింఫనీ’ యని యర్థము. పేరు ఒంటరివానిది, కట్టినవారు ఇద్దఱు. ఈ సంగీతపు చరిత్ర యంతయు ఆ యొక్క మాటలో ఇమిడియున్నదని నాకు తోచినది.

అమెరికాలో రాబర్ట్ మోగ్ అను ఇంజనీరు 1964లో నిర్మించిన సింథసైజరు ఈ విద్యకు పెద్ద మలుపు. సింథసైజరనగా విద్యుత్తునుండి నానావిధ నాదములను కూర్చి పలికించు యంత్రము. అది ఆయన పేరనే మోగ్ అని లోకమున నిలిచినది. కాని ఆ యంత్రమును రూపొందించునపుడు ఆయన ప్రక్క హెర్బర్ట్ డాయిష్ అను సంగీత ఉపాధ్యాయుడు కూర్చుండి, వాయించువానికి ఏమి కావలెనో చెప్పుచుండెను. తీగలు బిగించుట ఇంజనీరు పని; చేయి ఎచ్చట పడవలెనో చెప్పుట గాయకుని పని. నాలుగేండ్ల పిదప, 1968లో, వెండీ కార్లోస్ అను సంగీతకర్త్రి ఆ యంత్రముపై బాక్ మహాశయుని కృతులను వాయించి ఒక సంపుటి వెలువరింపగా అది లోకమంతట మాఱుమ్రోగినది. అప్పటి మోగ్ ఒక తడవకు ఒక్క స్వరమే పలుకును. ఒక్కొక్క వరుసను వేఱువేఱుగా వాయించి, టేపుపై ఒకదానిపై నొకటి పేర్చి, కృతిని పూర్తి చేయవలసియుండెను. అంత ఓపికతో కూడిన పనిలో రాచెల్ ఎల్‌కిండ్ అను సహచరి నిర్మాతగా వెంట నిలిచెను.

ఇక మన దేశమునకు వత్తము. మోగ్ యంత్రము మనదేశమునకు వచ్చినది సినిమా వారికొఱకే యని నేను అనుకొనియుంటిని. అది పొరపాటు. అహమదాబాదులో 1961లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అను విద్యాసంస్థలో 1969లో అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ ఒక మోగ్ యంత్రమును నెలకొల్పి, విద్యుత్సంగీతశాల నొకదానిని తెఱచెను. అచ్చట పనిచేసినవారిలో గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అను మనవారు కలరు. వీరిలో గీతా సారాభాయి పఖావజ్ విద్వాంసురాలు. పఖావజ్ మన మృదంగమునకు తోబుట్టువు. ఆమె 1946లో న్యూయార్కు నగరమునకు పోయి, జాన్ కేజ్ అను సంగీతజ్ఞునికి మన సంగీతమును బోధించి, బదులుగా పాశ్చాత్య విద్య నాయననుండి నేర్చుకొనెను. చేతితో తోలు వాయించిన విదుషీమణి యంత్రముచెంత కూర్చుండుటకు సంకోచింపలేదు.

1969 మొదలు 1972 వఱకు అచ్చట వీరు కూర్చిన టేపులు పిదప మూలబడినవి. సంస్థ గ్రంథభాండారములో ఏండ్లకొలది నిద్రించినవి. 2017లో పాల్ పుర్గాస్ అను బ్రిటిష్ కళాకారుడు వానిని కనుగొనెను. 2020లో బి.బి.సి. రేడియోలో వానిని గూర్చి కార్యక్రమము వచ్చినది. 2023లో అవి సంపుటిగా వెలువడినవి. అర్ధశతాబ్దము పిదపనైనను వారి పేర్లు లోకమునకు తెలియుటకు కారణమేమి? టేపులతోపాటు వారి పేర్లును నిలిచియుండుటయే. పేరు లేని టేపు దొరకినచో మనకు ధ్వని దొరకును, మనుష్యుడు దొరకడు.

బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను సినిమా వాద్యకారుని కథయు ఇట్టిదే. ఆయన 1982లో జపానువారి మూడు యంత్రములను, స్వరమునకు జూపిటర్-8ను, మంద్రమునకు టీబీ-303ను, తాళమునకు టీఆర్-808ను ముందుంచుకొని, భైరవి, లలిత, తోడి, యమన్, మాల్కౌంస్ మొదలైన పది రాగములను ఒక సంపుటిగా వాయించెను. అప్పుడు దానిని ఎవరును పట్టించుకొనలేదు. 2002లో ఎడో బౌమన్ అను డచ్చి దేశస్థునికి ఆ పాత పలక మన దేశమున కంటబడినది. 2010లో మఱల వెలువడగా, ఐరోపా ఖండమువారు ఆశ్చర్యపడి, వృద్ధుడైన ఆయనను పిలిపించి కచేరీలు పెట్టించిరి. ఆయన 2015లో కన్నుమూసెను. ఒక్కడే ఒక గదిలో చేసిన పని కదా ఇది యని మీరనవచ్చును. యంత్రములు మూడు, మనుష్యుడొకడు, నిజమే. కాని ఆ పది రాగములు ఎవరివి? గురువునుండి శిష్యునికి నోటిమాటగా వందల యేండ్లు నడచివచ్చిన సొత్తు అది. ఆయన దానిని దాచలేదు. ప్రతి పాటకును రాగము పేరే పెట్టెను.

తెలుగువారికి ఈ యంత్రనాదము ఇంటింటికి వచ్చినది సినిమా పాటలనుండియే. 1980 దశకము మొదలు 1994 వఱకు జంటగా పనిచేసిన రాజ్–కోటి గారల పాటలు మీ పిల్లలు పాడగా మీరు వినియుందురు. ఒకరు టి. వి. రాజు గారి కుమారుడు. ఒకరు సాలూరి రాజేశ్వరరావు గారి కుమారుడు. తండ్రులు ఎందఱో వాద్యకారులను ఎదుట కూర్చుండబెట్టుకొని పాటలు కట్టిన కాలమువారు; కుమారులు సింథసైజరు కాలమువారు. ఆ జంటయొద్ద కీబోర్డు వాయించి, యంత్రములలో నాదములను అమర్చిన యువకులలో దిలీప్ అను నొకడుండెను. 1992లో ‘రోజా’ చిత్రముతో ఆ యువకుడే ఎ. ఆర్. రహమాన్ అను పేర దేశమంతట వెలసెను. ఎన్నియో పాటలలో ఆయన వ్రేళ్లున్నవి. వినువారికి నాడు ఆ పేరు తెలియదు. పెద్ద కళాకారుడు సయితము ఒకనాడు పేరులేని సహకారియే యని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

మా హైదరాబాదుననే మూర్తోవిక్ అను కళానామముతో ప్రసిద్ధుడైన విద్యుత్సంగీతకారుడున్నాడు. ఆయన 2010 తరువాతి దశకమున అవినాశ్ కుమార్ అను చిత్రకళాకారునితో కలిసి ‘అంతరిక్ష సంచార్’ అను కృతిని కట్టెను. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ కన్న కలలు దానికి ప్రేరణ. అందు యంత్రనాదముతోపాటు కర్ణాటక సంగీతము కలదు. జయలక్ష్మీ ఈశ్వర్ గారి భరతనాట్యము కలదు. సంగీతకారుడు, చిత్రకారుడు, నర్తకి తమ తమ పేర్లతో ఒక వేదికపై నిలిచిరి. ఇట్లు చేయుట సాధ్యమేనని చూపుటకు మా ఊరిలోనే నిదర్శనము దొరకినందులకు సంతసించితిని.

ఇంతవఱకు మంచి కథలు చెప్పితిని. నష్టపు కథయు చెప్పనిచో చరిత్ర పూర్తికాదు. 1979 ప్రాంతమున బెంగళూరులో జి. రాజనారాయణ్ అను ఇంజనీరు, తానును వేణువు వాయించువాడే, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను నిర్మించెను. నేడు మీ ఊరి భజనమందిరమున సయితము అట్టిది ఉండవచ్చును. అలసట లేక, అపశ్రుతి లేక మ్రోగును. దానివలన మేలెంతయో కలిగినది. కాని గాయకుని వెనుక కూర్చుండి తంబుర మీటు శిష్యుని చోటు దానితో ఖాళీయైనది. ఆ చోట కూర్చుండియే శిష్యులు సంగీతము నేర్చుకొనెడివారు. యంత్రము శ్రుతిని నిలుపగలదు, శిష్యుని తయారుచేయలేదు.

ఇంతకంటె కఠినమైన కథ అమెరికాది. 1969లో ‘ది విన్‌స్టన్స్’ అను బృందమువారు ఒక పలక వెలువరించిరి. దాని రెండవ ప్రక్కనున్న పాటలో తక్కిన వాద్యములన్నియు ఆగి, గ్రెగరీ కోల్‌మన్ అను డ్రమ్ము వాద్యకారుడు ఒక్కడే ఆఱేడు సెకండ్లు తాళము వాయించును. ఇరువది యేండ్లు తిరుగకముందే యంత్రసంగీతకారులు ఆ తునకను పట్టిరి, ముక్కలు చేసిరి, వేగము పెంచిరి. వేలకొలది పాటలు దానిపై నిలిచినవి. క్రొత్త సంగీత మార్గములే దానినుండి పుట్టినవి. లోకమున అంత మాఱులు మ్రోగిన తాళము వేఱొకటి కలదో లేదో! కోల్‌మన్‌నకు దానివలన ఒక్క కాసు ముట్టలేదు. 2006లో ఆయన నిలువ నీడలేని స్థితిలో మరణించెను. 2015లో కొందఱు అభిమానులు చందాలెత్తి 24,000 పౌనులను ఆ బృందనాయకునికి సమర్పించిరి. వాయించినవాడు అప్పటికి లేడు.

ఈ కథ చదివినపుడు నా కన్నులముందు రెండు వీథుల కావలి వృద్ధుడు నిలిచెను. డప్పు సులువైన వాద్యము కాదు. పలకకు తోలు బిగించి, గడ్డిమంటపై కాచి, చెవితో పరీక్షించి, ఒకచేత సిర్రను, ఒకచేత సిటికెన పుల్లను పట్టి కొట్టవలెను. తోలు ఎంత వేడెక్కినపుడు ఎట్టి పలుకు పలుకునో ఏ గ్రంథమును చెప్పదు. ఆ విద్యను తరతరములుగా మోసినవారిని మన సమాజము ఊరి వెలుపల నుంచినది. పెండ్లికి, చావుకు, జాతరకు పిలిచినది. పిలిచినపుడు పేరుతో పిలువలేదు. నేను చదివిన లక్షణగ్రంథములలో తాళములకు నూటయెనిమిది పేర్లు కలవు. ఈ తాళము కొట్టువాని పేరునకు ఎచ్చటను చోటు లేదు.

పిల్లవానిని నిందించుటకు నా కధికారము కలదా యని ఆలోచించితిని. నేను పనిచేసిన పాఠశాలలో ఏటేట వార్షికోత్సవ ఆహ్వానపత్రికను వ్రాసినవాడను నేనే. అధ్యక్షుల పేరు, ముఖ్య అతిథి పేరు, బహుమతులిచ్చువారి పేరు బిరుదములతో సహా వ్రాసెడివాడను. కడపటి పంక్తిలో “డప్పు వాద్యము వాయింపబడును” అని వ్రాసి ముగించెడివాడను. కర్త లేని వాక్యమును వ్రాసిన పిల్లలకు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టిన నేను, ఏటేట కర్తలేని వాక్యమును అచ్చువేయించితిని. అది అచ్చయి పంచిపెట్టినపుడు ఎవరును తప్పు పట్టలేదు. నాకును తప్పు తోచలేదు. పిల్లవాడు “సొంత సేకరణ” అని వ్రాయుట నేర్చినది ఎచ్చట? బహుశః నా తరగతిలోనే.

నాలుగవ దినమున వాడు వచ్చెను. చదివినదంతయు చెప్పితిని. చట్టమును గూడ చెప్పితిని. మన 1957 నాటి కాపీరైటు చట్టములో 1994లో ప్రదర్శకుల హక్కులను స్పష్టపఱచిరి. 2012లో వానిని మఱింత బలపఱచి, వాయించినవాడు ఆ వాద్యము తనదని చెప్పించుకొను హక్కును, వాణిజ్యమున వాడినపుడు రాబడిలో భాగము పొందు హక్కును కల్పించిరి. శాస్త్రీయ విద్వాంసునికొక న్యాయము, డప్పు వాయించువానికొక న్యాయము అని చట్టము చెప్పలేదు.

వాడు తలవంచుకొని, “పేరు రాస్తే పైసలడుగుతరు సార్. నాకే ఏం మిగులతలేదు,” అనెను.

వాడు చెప్పినది అబద్ధము కాదు. మిద్దెగదికి అద్దె, యంత్రములకు వాయిదాలు, ఇవన్నియు వాని జీతమునుండియే పోవుచున్నవి. లాభము లేనపుడు భాగమెక్కడిదని వాని యభిప్రాయము. “రానిదానిలో భాగమడుగుమని నేను చెప్పలేదు. వచ్చినపుడు ఎంత వచ్చినను పాడినపిల్లతో సమానముగా ఇమ్ము. పేరునకు మాత్రము రాబడి కొఱకు వేచియుండ నక్కఱలేదు,” అని చెప్పితిని. వాడు వెంటనే ఒప్పుకొనలేదు. కొంత తడవు కూర్చుండి, ఒక బండి వచ్చి పోయినపిదప, “నడువుండ్రి సార్, ఆయననే అడుగుదం,” అని లేచెను.

ఇద్దఱమును వృద్ధునియింటికి పోతిమి. ఆయన గోడకు తగిలించిన డప్పును దింపి, ధూళి దులిపి, మమ్ము కూర్చుండుమనెను. సంగతి చెప్పితిమి. ఆయన పేరు అచ్చువేయుదుమని చెప్పగా మొదట నవ్వెను. “డప్పుకు పేరేంది సారూ?” అనెను. పిదప కొంత సేపటికి తానే మఱల అందుకొనెను. “రాస్తే మా నాయన పేరు గూడ రాయుండ్రి. ఈ పోరడు పట్టుకున్న దరువుల మూడు మా నాయన కట్టినయి. నేను ఉత్తగ కొట్టిన.”

అప్పుడు నాకు సిగ్గు కలిగినది. నేను ఒక్క పేరు చేర్చి ధర్మము నెఱవేర్చితిననుకొనుచుంటిని. పేరు కోల్పోయినవాడు మాత్రము తనకంటె ముందు కోల్పోయినవానిని మఱచిపోలేదు. పిల్లవాడు అచ్చటనే కాగితము తీసి ఇద్దఱి పేర్లును వ్రాసెను. అక్షరదోషములు లేవు.

సంపుటి ఆషాఢమున వెలువడినది. దానివలన వానికి పెద్ద ధనము రాలేదు. వృద్ధునికి ముట్టినది స్వల్పము. ఆయనకు మఱల ఊరేగింపులకు పిలుపు వచ్చుచున్నదా యని మీరడిగినచో, ఒక వీథివారు మాత్రము పిలిచిరని చెప్పగలను. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసు అధికారులు మతసంబంధమైన ఊరేగింపులలో డీజే బండ్లను నిషేధించుచు ఉత్తర్వు చేసిరి. జనావాసములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులకు మించి ధ్వని యుండరాదని 2000 సంవత్సరపు నియమములు అంతకు ముందే చెప్పుచున్నవి. అయినను ఉత్తర్వు ఒక్కటియే డప్పు వాయించువానికి కూడు పెట్టదు. బండి ఆగినంత మాత్రమున మనుష్యుడు జ్ఞప్తికి రాడు; మనము తలచుకొనవలెను.

అయ్యలారా! యంత్రసంగీతము చెడ్డదని నేను చెప్పలేదు. మా పిల్లవాని పాటలలో ఒకటి నాకు మిక్కిలి నచ్చినది. రైలు చప్పుడునుండి డప్పు దరువు మెల్లమెల్లగా పైకి లేచును. ఆపై ఆ యువతి గొంతు అమ్మవారిని పిలుచును. మా వీథి నా చెవికి క్రొత్తగా వినవచ్చినది. యంత్రము లేనిచో ఆ కూర్పు సాధ్యము కాదు. నేను చెప్పునది ఒక్కటే. షఫేర్‌నకు ఆన్రీ వలెను, మోగ్‌నకు డాయిష్ వలెను, యంత్రముచెంత కూర్చున్న ప్రతివానికిని ప్రక్కన ఒకరో ఇద్దఱో కలరు. ప్రక్కనున్నవారికి వెనుక వారి తండ్రులు కలరు. వారిని చెప్పిన చరిత్రయే చరిత్ర.

మీ గ్రామములలో జాతర లెక్కలు వ్రాయువారు మీరే. డీజేకు ఇంత, పందిరికి ఇంత, డప్పుకు ఇంత యని పుస్తకమున వ్రాయుదురు. ఈ యేడు జాతరకు ఆ పుస్తకమున డప్పు అను మాటయెదుట వాయించినవాని పేరు, తండ్రి పేరుతో సహా, వ్రాయించుడు. ఊరేగింపు బయలుదేరుటకు ముందు ఎవరైన నొకరు మైకు పట్టుకొని ఆ పేరును చదువుడు. రేడియోవారు ఇన్నేండ్లుగా చేయుచున్న పని అది. దానికి కర్చు లేదు. ఒక ఊపిరి చాలును.